నాన్న గోళ్ళ కింద ఎర్ర గీతలు, ఇవి ఎందుకొస్తాయండీ?

ఏటిగట్టు_రాజోలు
పండక్కి ఊరొచ్చాను. నిన్న పొద్దున్న అరుగు మీద కూర్చోబెట్టి నాన్నకి గోళ్ళు తీస్తుంటే రెండు బొటనవేళ్ళకీ, ఎడమ చూపుడు వేలికీ గోరు కింద సన్నటి ఎర్ర గీతలు కనిపించాయి. ఈనె ముక్క ఏదైనా దిగిందేమో అని గోటి అంచు ఎత్తి చూశాను, ఏమీ లేదు. సబ్బుతో రుద్ది కడిగినా పోలేదు. సెల్‌ఫోన్ లైటు వేసి దగ్గరగా చూస్తే ఒక్కోటి రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, అన్నీ నిలువుగానే ఉన్నాయి, ఒకటి ముదురు ఎరుపు, మిగతావి కాఫీపొడి రంగు. నొప్పి లేదంటాడు. నొక్కి పట్టుకున్నా రంగు మారడం లేదు.

మా పిన్నేమో లివర్ పాడైతే ఇలాగే వస్తుందంది. పక్కింటాయన ఒంట్లో రక్తం లేదన్నాడు. రాత్రి నెట్‌లో వెతికితే గుండె కవాటాలకి ఇన్‌ఫెక్షన్ అని వచ్చింది, ఇక తెల్లారే దాకా నిద్ర లేదు. నాన్నకి 61, షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటాడు. సోమవారం నేను హైదరాబాద్ వెళ్ళిపోవాలి. ఈలోపు ఎవరికి చూపించాలో, అసలు చూపించాలో లేదో తెలిసినవాళ్ళు చెప్పండి.

పూతరేకు88
ఇది చదివి నా గోళ్ళు చూసుకున్నాను, నాకూ ఒకటుంది. ఇన్నాళ్ళూ మురికి అనుకున్నా. ఇప్పుడు నాకూ టెన్షన్ పట్టుకుంది.

వలుపు_గునపం
తమ్ముడూ, మీ నాన్నగారు ఏం పని చేస్తారో చెప్పలేదు. ముందు అది చెప్పు.

ఏటిగట్టు_రాజోలు
ఇప్పుడు పనికి వెళ్ళడం లేదన్నయ్యా. పాతికేళ్ళు కొబ్బరి వలుపు చేశాడు. మా దొడ్లో కాయ మాత్రం ఇంకొకర్ని ముట్టుకోనివ్వడు. పండక్కి ముందు రెండొందల కాయ ఒక్కడే వలిచాడని అమ్మ ఇందాకే చెప్పింది.

వలుపు_గునపం
అదీ సంగతి. నేనూ అంబాజీపేట వైపు పదహారేళ్ళు ఆ పనే చేశాను. కాయని రెండు చేతులా పట్టుకుని గునపం మొన మీద దించి మెలేస్తాం కదా, ఆ మెలితిప్పేటప్పుడు బలమంతా బొటనవేలి కొసల మీదే పడుతుంది. డొక్క లేచొచ్చేటప్పుడు పీచు గోటి సందులోకి దూరుతుంది. రోజుకి వెయ్యి కాయ పైన వలిచేవాళ్ళ చేతులు ఒకసారి చూడండి, గీత లేని గోరుంటే అడగండి. మా మేస్త్రీ చేతులు చూసే ఎన్నాళ్ళ నుంచి పనిలో ఉన్నాడో చెప్పేవాడు. మానేసి కూర్చున్న మనిషి ఒక్కసారి రెండొందల కాయ మీద పడితే గోళ్ళు ఊరుకుంటాయా? కంగారు పడకు.

లేసు_అల్లిక_నరసాపురం
వలుపే అక్కర్లేదండి. మేం లేసు అల్లేవాళ్ళం. పెద్ద ఆర్డరు వచ్చి రోజుకి పదేసి గంటలు కూర్చున్నప్పుడు నా కుడి చూపుడు వేలికి ఇలాంటివే రెండు వచ్చాయి, సరిగ్గా సూది ఆనే చోట. మా అత్తయ్యగారికైతే నలభై ఏళ్ళుగా వస్తూ పోతూనే ఉన్నాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళిందీ లేదు, ఏమయిందీ లేదు.

గౌతమీ_రేవు
లేసు అక్కా, మీ అత్తయ్యగారికి ఏమీ కాలేదంటే సంతోషం. కానీ అది చూసి అందరికీ ఏమీ కాదనకండి. మా చెల్లి సంగతి నేను రాయాలి, రాత్రికి తీరిగ్గా రాస్తాను.

కాకినాడ_స్టాఫ్‌నర్స్
పద్నాలుగేళ్ళుగా వార్డులో పని చేస్తున్నాను, డాక్టర్ని కాదు, ఆ మేరకే తీసుకోండి.

వీటిని స్ప్లింటర్ హెమరేజ్ అంటారు. చెక్క పేడు గుచ్చుకున్నట్టు కనిపిస్తాయని ఆ పేరు. గోరు కింద చర్మం నున్నగా ఉండదు, దున్నిన చేలో చాళ్ళలాగా నిలువుగా గాళ్ళుంటాయి, సన్నటి రక్తనాళాలు ఆ చాళ్ళ వెంటే పోతాయి. ఏదైనా ఒకటి చిట్లితే నెత్తురు పక్కకి పారడానికి చోటు లేక చాలు వెంటే సాగుతుంది. అందుకే చుక్కలా కాకుండా గీతలా కనిపిస్తుంది, అందుకే ఎవరికి వచ్చినా నిలువుగానే ఉంటుంది. గడ్డకట్టిన ఆ నెత్తురు గోటి అడుగుకి అంటుకుపోతుంది కాబట్టి గోరు పెరిగేకొద్దీ దానితో పాటే కొసకి జరుగుతుంది. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం గోరు కొత్తది రావడానికి ఆరు నెలలు పడుతుంది. కడిగితే పోదు, మందు రాస్తే పోదు, పెరిగి పెరిగి కత్తిరింపులో పోవాల్సిందే.

ఎక్కువమందికి కారణం దెబ్బే, వలుపు అన్నయ్య చెప్పింది నిజం. దెబ్బ తగిలినట్టు గుర్తుండాలని కూడా లేదు. గోళ్ళు కొరికే అలవాటున్నా వస్తాయి. కానీ చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొస దగ్గర, పని చేసే వేళ్ళకే ఉంటే మామూలుగా దెబ్బవే. గోటి మొదట్లో, నెలవంకలా తెల్లగా ఉండే చోట పుట్టినవి, ఏ పనీ లేకుండా ఒక్కసారి చాలా గోళ్ళకి వచ్చినవి, ముట్టుకుంటే నొప్పి పెట్టేవి వేరే లెక్క. అన్నిటికంటే ముందు మనిషిని చూడాలి. ఏటిగట్టు గారూ, నాన్నగారికి సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, మెట్లెక్కితే ఆయాసం, ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? చిన్నప్పుడు కీళ్ళ వాపుతో జ్వరం వచ్చిందా? ఈ మధ్య పన్ను పీకించుకున్నారా?

ఏటిగట్టు_రాజోలు
అమ్మని, నాన్నని ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగానండి. జ్వరం లేదు, ఆయాసం లేదు. నిన్న అరిసెలు ఎనిమిది తిన్నాడు. పళ్ళన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు.

పూతరేకు88
ఎనిమిది అరిసెలు అరిగిన మనిషికి గుండె గట్టిదేనండి. ఈ ఏడు నాకు నాలుగే వచ్చాయి, అవి కూడా మేనత్త దాచి ఇచ్చినవి.

రావులపాలెం_మెడికల్స్
మందుల సంగతి ఎవరూ ఎత్తలేదు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకి చిన్న ఒత్తిడికే గోరు కింద ఇలా చిట్లుతుంది. ఆస్పిరిన్ వాడేవాళ్ళు, కవాటం మార్పించుకుని ఎసిట్రోమ్ వాడేవాళ్ళు మా షాపుకి రోజూ వస్తారు, వాళ్ళ గోళ్ళు నేను చూస్తూనే ఉంటాను. క్యాన్సర్‌కి వాడే కొన్ని మాత్రలతో కూడా వస్తాయి. ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్ర ఆపొద్దు, దండం పెట్టి చెబుతున్నాను. ఆపితే వచ్చే ముప్పు గోటి గీత కంటే చాలా పెద్దది. డాక్టరుకి చూపించండి, ఎసిట్రోమ్ వాడేవాళ్ళైతే రక్తం ఎంత పలచగా ఉందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోండి.

భీమవరం_చెరువు
రొయ్యలు వలిచే షెడ్లలో పని చేసే ఆడవాళ్ళకి ఇవి సర్వసాధారణం. రొయ్య తల మీద ముల్లు గోటి సందులో గుచ్చుకుంటుంది, ఐసు నీళ్ళలో చేతులు నానిపోయి ఉంటాయి కాబట్టి అప్పుడు తెలియదు కూడా. మా ఆవిడకి ముందు గీతలొచ్చాయి, తర్వాత గోరు పసుపుగా మందంగా అయి కొస దగ్గర లేచిపోయింది. చర్మం డాక్టరు గోటి ముక్క కత్తిరించి పరీక్షకి పంపితే ఫంగస్ అని తేలింది. మూడు నెలలు మాత్రలు వాడాం. కాబట్టి గీత ఒక్కటే చూసి ఊరుకోకండి, గోరు రంగు, మందం కూడా చూడండి.

కాకినాడ_స్టాఫ్‌నర్స్
మంచి మాట చెప్పారు. సోరియాసిస్ ఉన్నవాళ్ళకీ గీతలొస్తాయి. వాళ్ళకైతే గోటి మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు కూడా ఉంటాయి. లూపస్ (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు), కీళ్ళవాతం, రక్తనాళాల వాపు జబ్బుల్లో కూడా చూస్తాం. ఇక లివర్ గురించి మీ పిన్నిగారికి చెప్పండి, లివర్ పాడైనప్పుడు గోళ్ళలో ఎక్కువగా కనిపించేది గోరంతా తెల్లబారడం. రక్తం తక్కువైతే గోరు పాలిపోతుంది. ఈ గీతల్ని బట్టి ఆ రెండింటిలో ఏదీ తేల్చలేం.

సుడిగుండం
ఇంత చిన్న గీతకి ఇంత చర్చ అవసరమా? మా తాతలు గోళ్ళు చూసుకుని బతికారా? నెట్‌లో ఏది వెతికినా చివరికి గుండె జబ్బో క్యాన్సరో అనే వస్తుంది. మంచి తిండి తిని పని చేసుకోండి, అన్నీ పోతాయి.

తాటిముంజ
వేడి చేసిన సూదితో గోరు కొస దగ్గర పొడిస్తే చెడు రక్తం బయటికొచ్చేస్తుంది. మా ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు.

వలుపు_గునపం
వద్దు బాబూ వద్దు. తలుపు సందులో వేలు నలిగి గోరు కింద నెత్తురు చేరి సలుపు పెడితే, డాక్టరు గోటికి చిన్న రంధ్రం చేసి వదులుతాడు, అది వేరు. ఇక్కడ గీత గోటి అడుగుకి అంటుకుని ఎండిపోయింది, బయటికి రావడానికేం లేదు. మా వాడొకడు ఇలాగే పొడుచుకుంటే వేలు బూరెలా ఉబ్బి చీము పట్టింది, నెల రోజులు పని లేదు.

గౌతమీ_రేవు
సుడిగుండం గారి పోస్టు చదివాక ఇక ఆగలేకపోయాను. మా చెల్లి సంగతి చెబుతాను.

దానికి పదకొండేళ్ళప్పుడు గొంతు నొప్పి వచ్చి తగ్గింది, తర్వాత మోకాళ్ళు, మోచేతులు ఒకదాని తర్వాత ఒకటి వాచాయి. గొంతులో చేరే స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా వల్ల వచ్చే కీళ్ళ జ్వరం అది, గుండె కవాటాన్ని దెబ్బతీస్తుంది. 21 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ చేయించాలన్నారు. కొన్నేళ్ళు చేయించి, బాగానే ఉంది కదా అని మానేశాం. ఆ తప్పు మాదే.

పెళ్ళయి, పాప పుట్టాక, 29 ఏళ్ళప్పుడు రోజూ సాయంత్రం నాలుగింటికల్లా ఒళ్ళు వెచ్చబడేది. పెద్ద జ్వరం కాదు, 100 దాటేది కాదు. ఊళ్ళో ఒకాయన టైఫాయిడ్ అన్నాడు, ఐదు రోజులు ఇంజక్షన్లు చేశాడు, తగ్గింది. వారానికి మళ్ళీ వచ్చింది. ఇంకో చోట ఇంకో యాంటీబయాటిక్. మళ్ళీ తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇలా ఏడు వారాలు. ఆరు కిలోలు తగ్గింది. పాపని ఎత్తుకుని వాకిట్లో నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. పురుడు తర్వాత నీరసమే అనుకున్నాం.

చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ దాని చేతులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. పది గోళ్ళూ ఒక్కొక్కటే వంచి చూసింది. నాలుగు గోళ్ళ మొదట్లో ఎర్ర గీతలున్నాయి. మేం ఎవరం అంతకుముందు చూడలేదు, చూసినా పట్టించుకునేవాళ్ళం కాదు. తర్వాత వేలి కొసలు నొక్కింది, ఒకచోట చెల్లి చెయ్యి లాక్కుంది. ఆ వెంటనే స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. గుండె కవాటం మీద సూక్ష్మజీవులు గూడు కట్టుకున్నాయి, ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు అని చెప్పింది. కవాటం మీద నుంచి తునకలు రాలి రక్తంలో కొట్టుకుపోతాయట, అవి మెదడుకి వెళితే పక్షవాతం.

రక్తంలో ఏ సూక్ష్మజీవి ఉందో పెంచి చూడడానికి మూడుసార్లు తీసి కల్చర్‌కి పంపారు. ఏమీ మొలవలేదు. ఎందుకంటే అప్పటికే ఇద్దరు ముగ్గురు చేసిన ఇంజక్షన్లతో సూక్ష్మజీవులు సగం చచ్చి దాక్కున్నాయి. ఏ మందు పని చేస్తుందో తేల్చడానికి ఇంకో వారం పోయింది. ఆరు వారాలు రక్తనాళంలోకి మందు ఎక్కించారు. బతికింది. ఏడాది తర్వాత కవాటం మార్చాల్సి వచ్చింది.

ఏడు వారాల్లో ఎవరైనా ఒక్కరు గోళ్ళు చూసి ఉంటే, కనీసం ఇంజక్షన్ చేసే ముందు రక్తం పరీక్షకి పంపి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

కాకినాడ_స్టాఫ్‌నర్స్
గౌతమి గారూ, మీ చెల్లెలు బాగుందంటే మనసు తేలికపడింది. ఆ డాక్టరమ్మ నొక్కి చూసిన వేలి కొస గడ్డలకి విలియం ఆస్లర్ అనే పాతకాలం డాక్టరు పేరు పెట్టారు. ఈ కవాటాల జబ్బు మీద 1885లోనే ఆయన లండన్‌లో ఉపన్యాసాలిచ్చారు. గోళ్ళు చూసే అలవాటు మా వాళ్ళలో పాత కాలం నుంచే ఉంది, ఈ రోజుల్లో హడావిడిలో పోయింది.

అయితే ఇంకో పక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇది చదివినవాళ్ళకి నిద్ర పట్టదు. గోటి గీత ఉన్నంత మాత్రాన ఆ జబ్బు ఉన్నట్టు కాదు. గీతలు మామూలు మనుషులకీ ఎక్కువగా ఉంటాయి కాబట్టే, ఈ జబ్బుని తేల్చడానికి డాక్టర్లు వాడే డ్యూక్ లెక్కలో గోటి గీతల్ని చేర్చలేదు. తేల్చేది రక్తం కల్చర్, గుండెని స్కాన్ చేసి చూసే ఎకో. గోరు చూస్తే అనుమానం వస్తుంది, అంతే. కానీ జ్వరం ఉన్న మనిషికి ఆ అనుమానం రావడమే ముఖ్యం.

సుడిగుండం
గౌతమి గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. తొందరపడి రాశాను, మన్నించండి. మా అబ్బాయికి కూడా ఆ 21 రోజుల ఇంజక్షన్ రాశారు, ఈ నెల వేయించలేదు. రేపే తీసుకెళతాను.

గౌతమీ_రేవు
అదొక్కటి చేయండి చాలు. ఎప్పటి దాకా వేయించాలో డాక్టరే చెప్పాలి, మనంతట మనం ఆపకూడదు.

పూతరేకు88
నా గీత గురించి ఎవరూ చెప్పలేదు. ఒక్క ఉంగరం వేలికే ఉంది. గోటి మొదలు నుంచి కొస దాకా ఒకే సన్న గీత, గోధుమ రంగు, కొస దగ్గర గోరు కొంచెం చీలినట్టుంది. రెండేళ్ళ నుంచీ అలాగే ఉంది, జరగడం లేదు.

కాకినాడ_స్టాఫ్‌నర్స్
రెండేళ్ళుగా కదలకుండా మొదలు నుంచి కొస దాకా ఉందంటే అది మిగతావాళ్ళ గీతల్లాంటిది కాదు. మన రంగు వాళ్ళకి గోళ్ళలో గోధుమ చారలు మామూలే, కానీ అవి సాధారణంగా చాలా వేళ్ళకి ఉంటాయి. ఒకే గోటికి ఉండి కొస చీలితే గోరు కింద చిన్న పొక్కులాంటిది పెరుగుతూ ఉండొచ్చు, ఎక్కువగా హాని చేయనిదే. చార వెడల్పవుతున్నా, రంగు పక్క చర్మంలోకి పాకినా అసలు ఆలస్యం చేయకూడదు, అరుదుగా అది చర్మ క్యాన్సర్ కావచ్చు. ఈ వారంలోనే చర్మం డాక్టరుకి చూపించండి, లెన్సు పెట్టి చూస్తారు.

పూతరేకు88
తణుకులో గురువారానికి నంబరు తీసుకున్నాను.

ఏటిగట్టు_రాజోలు
శనివారం అమలాపురంలో ఫిజీషియన్‌కి చూపించానండి. గోళ్ళు చూశారు, గుండె విన్నారు, రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించారు, అన్నీ బాగున్నాయి. వలుపు వల్లే అన్నారు. తెల్ల కాయితం మీద స్కేలు పెట్టి, పక్కన వేలు పెట్టి ఫోటో తీసుకోమన్నారు, మూడు వారాల తర్వాత మళ్ళీ తీసి కొసకి జరిగిందో లేదో, కొత్తవి పుట్టాయో లేదో పోల్చమన్నారు. జ్వరం వస్తే మాత్రం రమ్మన్నారు. నాన్న బయటికి రాగానే అడిగిన మొదటి మాట, మిగతా కాయ వలవొచ్చా అని. గ్లవుజులు కొనిచ్చాను, వేసుకోడని అందరికీ తెలుసు.

లంక_పడవ
ఇన్ని రోజులూ చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. మా అమ్మకి 52. ఐదేళ్ళ కిందట గుండెలో మెటల్ కవాటం వేశారు, ఎసిట్రోమ్ వాడుతోంది. దసరా తర్వాత పన్ను పీకించాం. పన్ను డాక్టరుకి కవాటం సంగతి చెప్పాలని మాకు తెలియదు. మూడు వారాలుగా రాత్రిపూట చలి, తర్వాత చెమట. ఇందాక మీ అందరి పోస్టులూ చదివి అమ్మ చేతులు చూశాను. ఐదు గోళ్ళకి ఉన్నాయి. మాత్ర వల్లే అయ్యుంటుందా? మా ఆర్‌ఎంపీ గారు రేపు జ్వరం ఇంజక్షన్ చేస్తానన్నారు.

రావులపాలెం_మెడికల్స్
మాత్ర వల్ల కూడా కావచ్చు, కానీ ఆ మాట అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఐఎన్ఆర్ చీటీ, మందుల చీటీలు అన్నీ సంచిలో పెట్టుకోండి.

కాకినాడ_స్టాఫ్‌నర్స్
ఇంజక్షన్ వద్దు. మార్చిన కవాటం, మూడు వారాల జ్వరం, ఈ రెండూ చాలు, గోళ్ళు చూడకపోయినా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. కార్డియాలజీ ఉన్న చోటికి వెళ్ళండి. వెళ్ళగానే మొదటి మాటగా మూడు ముక్కలు చెప్పండి: కవాటం మార్చారు, పన్ను పీకారు, జ్వరానికి ఇంకా యాంటీబయాటిక్ ఏదీ వేయలేదు. ముందు రక్తం కల్చర్‌కి తీస్తారు. అమ్మకి మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా ఒక్క నిమిషం ఆగొద్దు. కవాటం మార్పించుకున్నవాళ్ళు పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ ఒక మోతాదు వేసుకోవాలి, ఇక ముందు గుర్తుంచుకోండి.

లంక_పడవ
రాత్రి పంటు ఉండదు. తెల్లారి మొదటి పంటుకి దాటిస్తాను.

వలుపు_గునపం
పంటు కోసం చూడకు తమ్ముడూ. ఊళ్ళో ఎవరి పడవైనా ఇంజను వేయించుకుని ఇప్పుడే రేవు దాటు. అవతలి ఒడ్డున ఎవరూ లేకపోతే ఏ రేవో రాయి, నా ఆటో ఉంది.

లంక_పడవ
రేవు పేరు మీకు విడిగా పంపాను అన్నయ్యా.

లేసు_అల్లిక_నరసాపురం
ఏమయిందో రాయండి. రెండు రోజులుగా ఇదే తెరిచి చూస్తున్నాను. మా అత్తయ్యగారి గోళ్ళు కూడా నిన్న లైటు వేసి చూశాను, సూది ఆనే వేలికే ఉన్నాయి, జ్వరం గట్రా ఏమీ లేదు. అయినా ఒకసారి చూపిస్తాను.

లంక_పడవ
చేర్చుకున్నారు. కల్చర్‌లో సూక్ష్మజీవి దొరికింది, నోట్లో ఉండే రకమే అన్నారు. ఎకోలో కవాటం అంచున చిన్న గడ్డలాంటిది కనిపించింది. ఆరు వారాలు మందు ఎక్కించాలట. వలుపు అన్నయ్య ఆ రాత్రి రేవులో ఆటో పెట్టుకుని గంటన్నర మా కోసం కూర్చున్నారు, డబ్బులు తీసుకోలేదు.

ఏటిగట్టు_రాజోలు
మూడు వారాలయింది. అమ్మ ఫోటో తీసి పంపింది. కొస దగ్గరున్నది గోటితో పాటే కత్తిరింపులో పోయింది, మిగతా రెండూ సుమారు రెండు మిల్లీమీటర్లు జరిగాయి, కొత్తవి లేవు. లంక_పడవ, అమ్మ ఎలా ఉన్నారు?

లంక_పడవ
ఈరోజు 19వ రోజు. ఇంకా 23 ఉన్నాయి. జ్వరం ఆగి పదకొండు రోజులైంది, నిన్న ఇడ్లీ రెండు తినింది. రోజూ పొద్దున్న ఎండ పడగానే అమ్మే రెండు చేతులూ కిటికీ వైపు చాపి చూడరా అంటుంది. పాత గీతలు వడ్లగింజ మందం పైకి జరిగాయి. కింద నుంచి వచ్చే గోరు శుభ్రంగా ఉంది.